రెండు నూళ్ల తేడా: పన్నెండు గళ్ల బొంత కుట్టిన కథ

మా అత్తగారి ట్రంకు పెట్టె తెరిచిన రోజు వచ్చిన వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. 2022 జూలై వరద అది. భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకు వచ్చిందని టీవీలో చెప్పే రోజుకే మా లంకలో ఇళ్లలోకి నీళ్లొచ్చేశాయి. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారనగానే బియ్యం బస్తాలు, గ్యాస్ బండ, టీవీ అన్నీ డాబా మీదికి చేర్చాం. మంచం కింద పెట్టె ఒక్కటీ ఎవరికీ గుర్తు రాలేదు. పది రోజుల తరవాత తీస్తే చీరలన్నీ సగానికి ఒండ్రు పట్టి ఉన్నాయి.

సగానికి అంటే నిజంగా సగానికే. అత్తయ్య చీరల్ని పుస్తకాల్లాగా నిలువుగా సర్దుతారు. పెట్టెలో నీళ్లు సగం దాకా వచ్చి ఆగాయి. దాంతో ఒక్కో చీర విప్పి చూస్తే జానెడు మంచి గుడ్డ, జానెడు మరక, మళ్లీ జానెడు మంచి గుడ్డ. కుంకుడు రసంలో నానబెట్టాను, ఎండలో ఆరేశాను, బండకేసి బాదాను. ఎర్రనీటి మరక వదలలేదు. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే అతను వస్తే చూపించాం. ఒకటి విప్పి చూసి, మడత పెట్టకుండానే వెనక్కిచ్చేశాడు. ఆ మూటకి గరిటె కూడా రాలేదు.

మూట ఆరు నెలలు అటక మీద పడి ఉంది. సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. అమెరికా బొంత. పన్నెండు పెద్ద గళ్లు, గడికొక నమూనా. ఒకదాంట్లో నక్షత్రం, ఒకదాంట్లో గాలిమర, ఒకదాంట్లో పక్షులు. ఇలా ఏ రెండు గళ్లూ ఒకేలా లేకుండా కుట్టేదాన్ని శాంప్లర్ క్విల్ట్ అంటారట. గడిని బ్లాక్ అంటారు. "అమ్మా, జానెడు ముక్కలకి ఇంతకంటే మంచి దారి లేదు" అంది. అది చెప్పి హైదరాబాద్ బస్సెక్కేసింది. కుట్టాల్సింది నేను కదా.

బొంత మాకు కొత్త కాదు. మా అమ్మమ్మ కుట్టేది. నాలుగైదు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, చిరుగున్న చోట గుడ్డ వేసి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ కుట్టేయడమే. కొలత అనే మాటే లేదు. పురిటి పిల్లల కిందికి, వానాకాలం నేల మీద పరుచుకోవడానికి అవే. ఈ అమెరికా పద్ధతిలో పైపొర వేరు. దాన్ని ముందు ముక్కలుగా కోసి, ఆ ముక్కల్ని లెక్క ప్రకారం అతికి, ఆ తరవాత బొంతగా కుట్టాలి. అత్తయ్య అంతా విని, "ఉన్న గుడ్డని కోసి మళ్లీ అతకడమేంటమ్మాయ్, పని లేక!" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు.

మొదటి నెల కుట్టలేదు, గుడ్డల్ని వేరు చేశాను. నేత చీరలు ఒక గుట్ట. వాటిలో ఎక్కువ బండారులంకవి, అమలాపురం పక్కనే కాబట్టి మా ఇంట్లో పెళ్లిళ్లకి, పురుళ్లకి అవే కొనేవారు. మా నాన్న పంచెలు ఒక గుట్ట. పాలియెస్టర్ చీరలు పక్కన పడేశాను, ఇస్త్రీ పెట్టె తగలగానే ముడుచుకుపోయాయి, మడత పెడితే నిలవవు. ఒక ఉప్పాడ పట్టు ముక్క మీద మాత్రం ఆశ చావక ఉంచుకున్నాను. అది చేతిలోంచి చేపలా జారిపోతుంది, కోసిన అంచు పోగులు పోగులుగా ఊడిపోతుంది. చివరికి ఒక చిన్న నక్షత్రంలో పెట్టాను. ఇప్పుడు ఆ బొంతలో అన్నిటికంటే ముందు చిరిగేది అదేనని నాకు తెలుసు.

పాత నేత గుడ్డ మెత్తగా ఉంటుంది, కత్తెర పెడితే పక్కకి జరుగుతుంది. దీనికి మందు మన వంటింట్లోనే ఉంది: గంజి. కొంచెం చిక్కటి గంజి వార్చి, వడగట్టి, ముక్కలు ముంచి, నీడన ఆరేసి, తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేస్తే గుడ్డ కాగితంలా నిలబడుతుంది. అమెరికాలో దీనికి స్ప్రే డబ్బాలు కొంటారట. ఒక్కటే జాగ్రత్త. గంజి పెట్టిన గుడ్డ మా తేమకి బూజు పట్టేస్తుంది, సిల్వర్ ఫిష్ పురుగులూ చేరతాయి. అందుకని ఆ వారం కోసేవాటికే గంజి పెట్టేదాన్ని.

ఇక కొలతలు. వీడియోల్లో అందరూ గుండ్రటి బ్లేడు, గళ్ల చాప, గాజులా కనబడే ప్లాస్టిక్ స్కేలు వాడుతున్నారు. నా దగ్గర కత్తెర, టేపు, సుద్ద ఉన్నాయి. అచ్చులకి మావారి పాత ఎక్స్‌రే ఫిల్ములు పనికొచ్చాయి. గట్టిగా ఉంటాయి, అవతల గుడ్డ కనబడుతుంది, పువ్వు ఎక్కడ పడుతుందో చూసుకుని గీత గీసుకోవచ్చు. కుట్టుకి వదిలే మార్జిన్ దగ్గరే వచ్చింది తంటా. జాకెట్టుకైతే అంగుళం వదులుతాం, లావైతే విప్పుకోవడానికి. ఇక్కడ అన్ని చోట్లా సరిగ్గా పావు అంగుళం. మా వీధి చివర వడ్రంగి బాబాయిని పావు అంగుళం వెడల్పున ఒక చెక్క పట్టీ చేసిపెట్టమని అడిగాను. "ఆయ్, రెండు నూళ్లేనండమ్మా?" అన్నాడు. వడ్రంగి లెక్కలో అంగుళానికి 8 నూళ్లు. ఆ మాట పట్టుకున్నాక నాకు లెక్కలు తేలికైపోయాయి. అమెరికా వాళ్లదీ అంగుళాల లెక్కే, మా బాబాయిదీ అంగుళాల లెక్కే. సెంటీమీటర్ల గొడవ లేదు.

మొదటి బ్లాక్ నైన్ ప్యాచ్. మూడు వరసలు, వరసకి మూడు చదరాలు, అంతే. చిన్న పిల్లలు కుట్టేస్తారు అని చెప్పింది వీడియోలో ఆవిడ. ఒక్కో చదరం నాలుగున్నర అంగుళాలు కోసి అతికితే బ్లాక్ పన్నెండున్నర రావాలి. చుట్టూ మార్జిన్ పోను చివరికి 12 మిగలాలి. నాది పన్నెండుంపావు వచ్చింది. కోసింది సరిగ్గానే ఉంది. తప్పు కుట్టులో ఉంది. అర నూలు ఎక్కువ లోపలికి కుట్టాను. కుట్టుకి రెండు వైపులా కలిపి అది ఒక నూలు, రెండు కుట్లకి రెండు నూళ్లు. అంటే పావు అంగుళం మాయం. తొమ్మిది ముక్కలకే ఇంత పోతే ముప్పై ముక్కలున్న బ్లాక్ సంగతేంటి?

విప్పాను. మళ్లీ కుట్టాను. మళ్లీ విప్పాను. మా ఉషా తొక్కుడు మిషన్ పాదం వెడల్పు రెండు నూళ్లు కాదు, దాన్ని నమ్ముకుంటే లాభం లేదు. సూది నుంచి సరిగ్గా కొలిచి, మిషన్ పళ్లెం మీద దెబ్బలకి వేసే ప్లాస్టర్ నాలుగు పొరలు అంటించాను. గుడ్డ అంచు ఆ గట్టుకి ఆనుకుని వెళ్తుంది. ఇంకో సంగతి కూడా తెలిసింది. కుట్టాక గుడ్డ మడత తిరిగే చోట దారమంత మందం పోతుంది. కాబట్టి కుట్టు రెండు నూళ్లకి ఒక పోగు తక్కువ ఉండాలి. ఇది ఎవరు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. నాలుగు సార్లు విప్పాక నమ్మాను.

తరవాత గాలిమర, పిన్‌వీల్ అంటారు. ఇందులో త్రికోణాలు. నేను తెలివిగా ముందే త్రికోణాలు కోసి పెట్టుకున్నాను. ఏటవాలుగా కోసిన అంచు జాకెట్టు క్రాస్ పీస్ లాంటిది, లాగితే సాగుతుంది. కుట్టేసరికి గాలిమర కాస్తా తుఫానుకి వంగిన కొబ్బరి చెట్టయింది. దీనికి అసలు ఉపాయం వేరే ఉంది. రెండు రంగుల చదరాలు ఎదురెదురుగా పెట్టి, మూల నుంచి మూలకి గీత గీసి, గీతకి రెండు పక్కలా రెండు నూళ్ల దూరంలో కుట్టి, ఆ తరవాత గీత మీద కోయాలి. ఒకేసారి రెండు ముక్కలొస్తాయి, ఏటవాలు అంచు సాగే అవకాశమే ఉండదు. ముక్క చివరికి 4 అంగుళాలు కావాలంటే చదరం 4 అంగుళాల 7 నూళ్లు కోయాలి. ఈ ఒక్కటీ వచ్చాక మూడు బ్లాకులు చకచకా అయిపోయాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

ఈ నమూనాల పేర్లు నాకు భలే నచ్చాయి. అన్నీ ఇంట్లోవి, పొలంలోవి, వీధిలోవి. ఒకే నమూనాకి ఊరికో పేరు. కవ్వం పేరు మీద చర్న్ డాష్ అని ఒకటుంది, దాన్నే మంకీ రెంచ్ అంటారు, హోల్ ఇన్ ద బార్న్ డోర్ అంటారు. మన ముగ్గులకి లేవూ అలాగే! మన వారపత్రికలు సంక్రాంతికి ముగ్గులు వేసినట్టు అక్కడి పత్రికలు ఈ బ్లాకులు అచ్చు వేసేవి. కాన్సస్ సిటీ స్టార్ అనే పత్రిక 1928 నుంచి 1961 దాకా వేసింది. ఆడవాళ్లు కత్తిరించి దాచుకునేవారట. చర్న్ డాష్ పూర్తిచేసి మంచం మీద పెడితే అత్తయ్య పక్కనుంచి వెళ్తూ ఆగారు. "ఇది కవ్వం అడుగులా ఉందే" అన్నారు. నేను పేరు చెప్పనే లేదు. ఆ రోజు నుంచి ఆవిడ విసుక్కోవడం తగ్గింది, తప్పులు పట్టడం ఎక్కువైంది.

ఫ్లయింగ్ గీస్ అంటే ఎగిరే బాతులు. మా లంకలో బాతులు ఎగరవు. సాయంత్రం కొంగలు బారు కట్టి ఏటి మీదుగా పోతాయి, చిన్నప్పుడు వాటిని చూసి గోళ్లు రుద్దుకునేవాళ్లం. అందుకని పక్షులన్నిటికీ నాన్న పంచెల తెలుపే వాడాను, వెనక ఆకాశానికి అత్తయ్య నీలం చీర. 8 పక్షులు, ఒక్కోటి 6 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు. వెడల్పు ఎప్పుడూ ఎత్తుకి రెట్టింపు ఉండాలి. ముక్కు కొసకి పైన రెండు నూళ్ల గుడ్డ మిగలకపోతే పక్క వరసతో కలిపి కుట్టినప్పుడు ముక్కు తెగిపోతుంది. నా ఎనిమిది కొంగల్లో మూడింటికి ముక్కులు లేవు. ఎక్కడున్నాయో చెప్పను, అత్తయ్య ఎలాగూ వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది లాగ్ క్యాబిన్. దుంగల ఇల్లు. మధ్యలో ఎర్ర చదరం, అది ఇంట్లో పొయ్యి. దాని చుట్టూ పేలికలు ఒకదాని తరవాత ఒకటి తిప్పుకుంటూ పోవాలి, రెండు పక్కల లేత రంగులు, రెండు పక్కల ముదురు రంగులు. పొయ్యి వెలుగు ఒక వైపు, నీడ ఇంకో వైపు అన్నమాట. 2 అంగుళాల పొయ్యి, చుట్టూ అంగుళం వెడల్పు పేలికలు ఐదు చుట్లు, మొత్తం 20 పేలికలు. చీరల్లో అంచు పక్కన మిగిలిన సన్న ముక్కలన్నీ ఇందులోకి పోయాయి. లెక్క అవసరం లేదు, పేలిక కుట్టు, ఇస్త్రీ చెయ్యి, తిప్పు, ఇంకోటి కుట్టు. వర్షం పడుతుంటే రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది. మధ్యలో పెట్టడానికి మంచి ఎరుపు చీరల్లో దొరకలేదు. బీరువాలో ఎవరో పసుపు కుంకాలప్పుడు పెట్టిన కొత్త జాకెట్టు ముక్క ఉంటే అది కోశాను. ఆ ముక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

ఒహాయో స్టార్ అనే నక్షత్రం మాత్రం నా ప్రాణం తీసింది. నాలుగు త్రికోణాలు ఒక్క చుక్కలో కలవాలి, అలాంటి ముక్కలు నాలుగు కావాలి. నావి కలవవు. ఒకటి గోరంత పైన, ఒకటి గోరంత కింద. తరవాత తెలిసింది, ఇస్త్రీ చేసేటప్పుడు ఒక ముక్క మార్జిన్ కుడి వైపుకి, పక్క ముక్కది ఎడమ వైపుకి మడిస్తే రెండు కుట్లూ ఒకదాన్నొకటి పళ్లు కరుచుకున్నట్టు పట్టుకుంటాయి. వేలితో తడిమితేనే తెలుస్తుంది, కళ్లు మూసుకుని కూడా కలపొచ్చు. అలాగే ఇస్త్రీ పెట్టెని గుడ్డ మీద ఈడ్చకూడదు, పైనుంచి అదిమి ఎత్తాలి. ముప్పై ఏళ్లుగా చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న చేతికి ఆ అలవాటు మానిపించడం కుట్టు నేర్చుకోవడం కంటే కష్టమైంది.

వంపుల కుట్టు నేర్చుకోవడానికి డ్రంకర్డ్స్ పాత్. తాగుబోతు దారి అని అర్థం చెబితే అత్తయ్య పడీ పడీ నవ్వారు. "దీనికి అమెరికా దాకా ఎందుకమ్మాయ్, రాత్రి తొమ్మిదికి మన సందులో నిలబడు, కనబడుద్ది" అన్నారు. 16 చిన్న గళ్లు, గడికి రెండు ముక్కలు, ఒకటి పావు వృత్తం, ఇంకోటి దాన్ని చుట్టుకునే ముక్క. లోపలికి వంగిన అంచుకి చిన్న గాట్లు పెట్టి, నడిమధ్యన ఒకటి, రెండు చివర్లా రెండు గుండుసూదులు గుచ్చి, చెయ్యి మీద నెమ్మదిగా తిప్పుతూ కుట్టాలి. చంక కుట్టు వచ్చినవాళ్లకి ఇది పెద్ద కష్టం కాదు. జాకెట్లు కుట్టిన అనుభవం పనికొచ్చింది ఇక్కడొక్కచోటే.

బేర్స్ పా, అంటే ఎలుగుబంటి పంజా కూడా వేద్దామనుకున్నాను. ఆ నమూనా అడ్డానికి 7, నిలువుకి 7 గళ్ల మీద కూర్చుంటుంది. 12 అంగుళాల్ని 7తో భాగించి నూళ్లలో చెప్పమంటే వడ్రంగి బాబాయి చెక్క పక్కన పెట్టి, "14 చేసుకోండమ్మా, లేకపోతే మానేయండి" అన్నాడు. మానేశాను.

పన్నెండు బ్లాకులూ నేల మీద పరిచిన రోజు నీరసం వచ్చేసింది. ఏ ఒక్కటీ ఇంకోదానితో సమానంగా లేదు. పన్నెండుంపావు నుంచి పన్నెండుంముప్పావు దాకా ఉన్నాయి. పెద్దవాటిని కోద్దామంటే నక్షత్రాల కొసలు పోతాయి. చివరికి బ్లాకుల మధ్య వేసే పట్టీలే కాపాడాయి. పట్టీలన్నీ పన్నెండున్నరకి కోసి, బ్లాకుని వాటికి సర్దుకోమన్నాను. పెద్దదాన్ని మిషన్ పళ్ల వైపు, అంటే కిందికి పెట్టి కుడితే ఆ కాస్త ఎక్కువ గుడ్డ లోపలికి కలిసిపోతుంది. చిన్నదైతే మార్జిన్ తగ్గించి పట్టుకోవాలి. పట్టీలకి మాత్రం కొత్త గుడ్డ కొన్నాను, ముదురు ఆకుపచ్చ నేత గుడ్డ. ఈ బొంతలో ఆ జాకెట్టు ముక్క కాక కొత్తది ఇదొక్కటే. కొత్త నేత గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది కాబట్టి రెండుసార్లు తడిపి ఆరబెట్టాకే కోశాను. పట్టీలు, చుట్టూ అంచు కలిపి 52 అంగుళాలకి 66 అంగుళాలు తేలింది.

లోపల వేసే దూది పొర అమలాపురంలో అడిగితే పరుపుల దూది చూపించారు. అది ఉతికితే ఉండలు కట్టేస్తుంది. ఈ ఉక్కకి దూది అవసరమూ లేదు. నాన్న పంచెలు రెండు పొరలుగా వేశాను. వెనక్కి పాత దుప్పటి.

మూడు పొరలూ గచ్చు మీద పరిచి, అంచులు బిగించి, నాలుగేసి అంగుళాల దూరంలో పచ్చికుట్టు వేశాం. వేశాం అంటున్నాను, ఎందుకంటే అప్పటికి అత్తయ్య మోకాళ్ల నొప్పులు మర్చిపోయి కింద కూర్చున్నారు. అక్కడే మాకు గొడవైంది. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ లోపలికి రావాలని ఆవిడ. మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి పోవాలని నేను. చీరలు పొడుగ్గా లాగి పట్టుకుని కుట్టే బొంతకి ఆవిడ పద్ధతే సరైంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ ఆడవాళ్లు కవంది అనే బొంత కుట్టేదీ అంచు నుంచి లోపలికే, కాకపోతే వాళ్లు ముక్కలు వేసుకుంటూ కుడతారు, కాబట్టి ఉబ్బు రాదు. నాది ముందే అతికిన పైపొర. బయటినుంచి వస్తే ఎక్కువైన గుడ్డంతా మధ్యలో పోగవుతుంది. ఇదంతా నేను చెబుతుండగానే ఆవిడ ఒక మూల నుంచి రెండు బారలు కుట్టేశారు. ఆ మూల కొంగల బ్లాకులో పూరీలా ఉబ్బింది. ఆవిడే చూసుకుని, ఏమీ అనకుండా విప్పి, మధ్యకి జరిగి కూర్చున్నారు.

కుట్టు మాత్రం ఆవిడదే. నా కుట్టు అంగుళానికి నాలుగు పడితే ఆవిడది ఏడు పడేది, అదీ కళ్లజోడు లేకుండా. సూదికి దారం ఎక్కించడం నా పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటన్నర, కరెంటు పోతే అరుగు మీద. కుడుతూ ఏ ముక్క ఎక్కడిదో చెప్పేవారు. నక్షత్రం మధ్యలో గళ్ల గుడ్డ మా ఆడపడుచు పురిటికి కొన్న చీర. పేలికల్లో పసుపుపచ్చది ఆవిడ ఒక్కసారే కట్టి నచ్చక దాచేసింది, మామగారికి ఎప్పుడూ చెప్పలేదట.

2024 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు చుట్టూ క్రాస్ పట్టీ వేసి ముగించాం. గంజి పోవాలని, పురుగు పట్టకూడదని, ఒకసారి చల్లనీళ్లలో తడిపి ఆరేశాను. వరద నీళ్లలో పది రోజులు నానిన చీరలేవీ చుక్క రంగు వదల్లేదు, వదలాల్సిందంతా అప్పుడే వదిలేశాయి. వదిలింది ఆ కొత్త జాకెట్టు ముక్క. దుంగల ఇంట్లో పొయ్యి చుట్టూ రెండంగుళాల మేర గులాబీ రంగు పాకింది. అన్ని చీరల రంగూ తడి తెల్లగుడ్డ మీద రుద్ది చూసిన నేను కొత్తదే కదా అని దాన్ని చూడలేదు.

పండక్కి మా అమ్మాయి వచ్చి ఫోటోలు తీసుకుంది, ఆ గులాబీ మరక కావాలని వేసిందనుకుంది. నేను కాదనలేదు. బొంత ఇప్పుడు అత్తయ్య మంచం మీద ఉంటుంది, తిరగేసి. పన్నెండు బ్లాకులూ కిందికి, పాత దుప్పటి పైకి. ఏంటత్తయ్యా ఇది అంటే, "పైన పడుకుంటే మాసిపోదూ!" అంటారు. వీధిలోవాళ్లెవరైనా వచ్చినప్పుడు మాత్రం ఒక మూల ఎత్తి, ముక్కులు లేని మూడు కొంగల్నీ చూపించి, మళ్లీ కప్పేస్తారు.